నాయనమ్మ చేసిన గుండె పరీక్ష

నా చిన్నప్పుడు మా నాయనమ్మకు ఒక అలవాటు ఉండేది. నేను వీధి చివర ఆడుకుంటుంటే గుమ్మంలో నిలబడి గట్టిగా పిలిచేది. ఆలస్యమైతే వీపు విమానం మోత మోగుతుంది కాబట్టి ఒక్క పరుగున వచ్చి ఎదురుగా నిలబడేదాన్ని. వెంటనే నా గుండె మీద అరచెయ్యి ఆనించేది. పరుగెత్తి వచ్చిన పిల్ల గుండె ఇంకెలా ఉంటుంది? "అమ్మో, ఎట్టా కొట్టుకుంటందో చూడు! ఈ పిల్లది నీరసం గుండె" అని తేల్చేసేది. పోనీ తెలివిగా మెల్లగా నడిచి వెళ్తే, "అడుగు కూడా పడట్లేదు, నీరసం కాక ఏంటి?" అనేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. ఆమె చెల్లెలు చిన్న వయసులోనే గుండె జబ్బుతో పోయిందట. నాకు ఆ చెల్లెలి పోలికలట. పోలిక వస్తే జబ్బు కూడా వచ్చి తీరాలా అని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికుంది?

ఆ ఏడాది మా బడి ఖోఖో జట్టులోకి నన్ను తీసుకున్నారు. పోటీలు నందిగామలో. జగ్గయ్యపేట దాటి ఎరగని నాకు అదే గొప్ప. పైగా తరమడంలో జట్టు మొత్తానికి నేనే ముందు. నాయనమ్మ ససేమిరా అంది. నాన్న తల్లి మాట కాదనలేదు, అమ్మ నోరు విప్పలేదు. ఏడ్చాను, అన్నం మానేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పోటీల రోజు పొద్దున్నే జట్టంతా మా ఇంటి ముందు నుంచే బస్సు ఎక్కడానికి వెళ్ళింది. నేను తలుపు వెనక నిలబడి చూశాను.

మా తాతయ్యకు బండలాగుడు పందేల ఎడ్లు ఉండేవి. వాటిలో ఒక ఎద్దంటే నాయనమ్మకు ప్రాణం, నాకు దాచి పెట్టిన బెల్లం కూడా దానికే పెట్టేది. ఆ సాయంత్రం ఇంటి వెనక చేలో ఎడ్ల చేత బండ లాగించి, కాడి దించీ దించగానే తాతయ్య ఆమెను కేకేశాడు. ఆమె చెయ్యి పట్టుకుని, రొప్పుతున్న ఆ ఎద్దు ముందుకాలి వెనక ఆనించాడు.

"ఎట్టా కొట్టుకుంటందో చూశావా? దీనికీ నీరసం గుండే. రేపు సంతలో అమ్మేద్దాం."

"నోరు కడుక్కోవయ్యా! అంత బండ లాగొచ్చింది, కొట్టుకోదా మరి?"

"మరి నీ మనవరాలు పరిగెత్తొచ్చింది గదే."

నాయనమ్మ ఎద్దు మీంచి చెయ్యి తియ్యలేదు. కాసేపటికి ఎద్దు కుదుటపడటం ఆమె చేతికే తెలిసింది. అప్పుడు తాతయ్య నన్ను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాడు. ఏవో కబుర్లు చెప్పి, తీరిగ్గా ఆమె చేత నా గుండె మీద చెయ్యి వేయించాడు. "నెమ్మదిగానే ఉందయ్యా" అంది.

"కష్టపడ్డప్పుడు గుండె జోరుగా కొట్టుకోవాల్సిందే. కూర్చున్నాకా తగ్గకపోయినా, కళ్ళు తిరిగినా డాక్టరు దగ్గరికి పోవాల. నేను ఎద్దునైనా అట్టాగే ఎంచుతా. ఎంత రొప్పిందని కాదు, ఎంత తొరగా కుదుటపడిందని" అన్నాడు తాతయ్య.

నేను సంతోషించలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఇది నిన్న చెప్పొచ్చుగా తాతయ్యా!" అని అరిచాను.

"నిన్న తోచలేదే అమ్మాయ్" అన్నాడు పాపం.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. వచ్చే ఏడు తప్పక పంపుతానని నాయనమ్మ మాటిచ్చింది. ఆ వచ్చే ఏటికి నాకు ఓణీ వేశారు. ఓణీ వేసిన పిల్లకు పరుగులేమిటన్నారు. గుండె ఊసు ఎవరూ ఎత్తలేదు.

మొన్న మా మనవరాలు వీధిలో బ్యాడ్మింటన్ ఆడుతుంటే, దాని చేతి వాచీలో గుండె వేగం అంకె చూసి మా కోడలు హడలిపోయింది. రాకెట్ లాక్కోబోయింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవాళ్ళకు నిమిషానికి అరవై నుంచి వంద లోపు ఉంటుందనీ, ఆటలో అది పెరగడం సహజమేననీ డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. అయినా ఈ కంగారు తగ్గదు. పిల్లను లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, ఆగి చూడమన్నాను. అంకె దిగింది.

గుండె మీద చెయ్యి ఎప్పుడు పెట్టాలో మా తాతయ్య దగ్గర నేర్చుకున్నాను. చెయ్యి తీశాక పిల్లను ఆటకు వదిలెయ్యాలన్నది మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. "ఇంక పోయి ఆడుకోవే" అని నేనే దాన్ని గేటు దాకా తోలాను.