గాలాడని డీజిల్ మూత

మా పికప్ సుభాష్‌పల్లిలో ఇంటి దగ్గర బుద్ధిగా స్టార్టయ్యేది, నిమ్‌పురా దాటగానే ఉక్కిరిబిక్కిరై చచ్చేది. అరగంట వదిలేస్తే మళ్లీ లేచేది.

సాలువా దగ్గర ఒక మెస్‌కి రోజూ పొద్దున్నే కూరగాయలు వేయడం నా పని. ఆ వారంలో మూడుసార్లు ఆలస్యమయ్యాను. నాలుగోసారీ అలాగే వస్తే ఇక రావద్దని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు. అది పోతే బండీ, నేనూ ఇద్దరం ఖాళీ.

నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్లు వ్యాక్యూమ్ బ్రేకుల ఫిట్టరు. గొట్టాల్లోకి బయటి గాలి చొరబడకుండా చూడడమే ఆయన ఉద్యోగం. మెకానిక్‌ని పిలుద్దామంటే ఇంటి పరువు తాకట్టు పెట్టినట్టు చూశాడు.

"ఏటి, మెకానిక్కా? నేను సచ్చిపోనానా?"

అంచేత ఆయన వాకిట్లో స్టూలెక్కి ఆర్డర్లేశాడు, నేను డీజిల్లో స్నానం చేశాను. ఫిల్టర్ మార్చాం. ట్యాంకు దించి కడిగాం. ఫీడ్ పంపు విప్పి బిగించాం. పైపుల్లో గాలి చేరిందేమోనని బుడగలన్నీ పోయేదాకా చేత్తో పంపు కొట్టాం. ప్రతిసారీ నాన్న "అయిపోనాది, ఇంక ఢిల్లీ దాకా ఎల్లిపోవచ్చు" అనేవాడు. బండి నిమ్‌పురా దాకానే వెళ్లేది.

ఆ నాలుగో పొద్దున నాన్న కూడా ఎక్కాడు. నిమ్‌పురా దాటాం, ఆగిపోయింది. వెనక క్యాబేజీ, పక్కన నాన్న. నాకు ఒళ్లు మండిపోయింది.

"డీజిల్ ఉన్నాదో లేదో సూడు" అన్నాడు. నిన్ననే కొట్టించానని గొణుగుతూ దిగి ట్యాంకు మూత తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది.

సీట్లో నాన్న ఉలిక్కిపడ్డాడు. ముప్పై ఏళ్లు విన్న చప్పుడు, నాకన్నా ముందే ఆయనకి అర్థమైపోయింది. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి, లేకపోతే ఇంజనుకి డీజిల్ అందదు. అందుకే మూతలో సన్నటి బెజ్జం ఉంటుంది. ఈ గొడవ మొదలవక ముందు, క్యాబేజీకి డీజిల్ వాసనొస్తోందని మేనేజరు అన్నాక, నాన్న పాత బ్రేకు గొట్టం రబ్బరు కోసి మూత కింద వాషర్ వేశాడు. బెజ్జాన్ని కూడా కప్పేశాడు. నేనది చూసి, చెయ్యంటే మా నాన్నదే అని మురిసిపోయాను కూడా.

"ఈ పని సేసినోడెవుడో గానీ..." అని దిగొచ్చి మూత అందుకున్నాడు. "పని మాత్రం పక్కాగా సేసినాడు."

రబ్బరు పీకి పొదల్లోకి విసిరేశాడు. బండి మళ్లీ ఆగలేదు. అయినా పది నిమిషాలు ఆలస్యం. మెస్ గేటు మూసే ఉంది, మేనేజరు అవతల నిలబడి వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాడు.

నాన్న దిగి, తనలో సగం వయసున్న ఆ మనిషికి చేతులు జోడించాడు. "దోష్ ఆమార్, దాదా" అన్నాడు బెంగాలీలో. తప్పు నాదే అని ఆయన నోట వినాలని నలభై ఏళ్లుగా నాకు కోరిక. తీరా విన్నాక అక్కర్లేదనిపించింది. ఆ చేతులు చూడలేక అబద్ధమాడేశాను. "లేదు దాదా, దారిలో రైలు గేటు పడింది, చాలాసేపు తియ్యలేదు."

జోడించిన చేతులు విడిపోయాయి. నాన్న నా వైపు తిరిగాడు.

"గేటు పడ్డాదా? తప్పు సేసింది నేనైతే రైల్వే మీదకి తోస్తావేటిరా, ఎదవా!"

మేనేజరుకి తెలుగు రాదు. తిట్లు మాత్రం అర్థమైనట్టున్నాయి, నవ్వి గేటు తీశాడు.