తడిపిన తాడు

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో, పూర్ణా మార్కెట్‌లోని మా కొట్టుకి కొండ మీది నుంచి ఒకామె తాళ్లు తెచ్చేది. ఆకు తగిలితే దద్దుర్లు లేచే దురదగొండి మొక్క నారతో తనే పేనేది. తడిస్తేనే ఆ నారకి బలమని, అమ్మేముందు ప్రతి తాడూ నీళ్లలో ముంచేది.

ఒకరోజు ధర తగ్గించడానికి నా పాత విద్య చూపించాను.

"ఇదేటి తాడు? బియ్యం బస్తాకైనా ఆగదు."

ఆమె తాడు తడిపి, బస్తాలు మోసే మా కళాసీ చేత దూలానికి బియ్యం బస్తా వేలాడదీయించి, సరిగ్గా దాని కిందే కూర్చుంది.

"రేటు సెప్పు బాబూ. అందాకా నాను లెగను."

తాడు కిర్రుమంది. గంటలకొద్దీ బేరమాడే నేను ఆ రోజు ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

"నువ్వడిగిందే ఇత్తాను, లెగమ్మా!"

అప్పుడు తొలిసారి తలెత్తి బస్తాను చూసింది. చూసి, పాక్కుంటూ పక్కకి జరిగింది.