మండవల్లి ఐసు ఫ్యాక్టరీలో రెండు బోర్డులు

తాడేపల్లిగూడెంలో ఆరున్నర పాసింజరు ఎక్కేటప్పటికే ముసురు పట్టేసింది. మండవల్లి దగ్గర చేపలకు ఐసు తయారుచేసే ఫ్యాక్టరీలో కంట్రోలర్‌కి రెండు కొత్త బోర్డులు బిగించాలి. కిందటి నెల అక్కడ ఐసు గడ్డకట్టించడానికి వాడే అమ్మోనియా గ్యాసు లీకయింది. కంట్రోలర్ పసిగట్టి ప్యానెల్ మీద ఎర్రలైటు వెలిగించింది. అంతకుమించి దానికి చేతకాదు. ఆ లైటు ఎవరూ చూడలేదు. పక్క షెడ్డులో చేపలు ప్యాకింగ్ చేస్తున్న కుమారి స్పృహతప్పి పడిపోయింది. ఇప్పుడు రిలే బోర్డు పెడితే కంట్రోలరే కంప్రెసర్ ఆపి, సైరనూ ఫ్యాన్లూ వేస్తుంది. కమ్యూనికేషన్ బోర్డు ఓనరుకి ఫోన్ చేస్తుంది.

ఏలూరులో దిగి, బస్టాండు పక్కన ఇడ్లీ తిని కైకలూరు బస్సెక్కాను. బోర్డుల పెట్టె తడవకుండా ఒళ్లో పెట్టుకున్నాను. పక్కసీట్లో ఉన్న టీచరుగారు "గుడ్లాండీ అందులో?" అని అడిగారు. అంతకంటే జాగ్రత్తగా చూసుకోవాల్సినవని చెప్పాను.

చినఎడ్లగాడి దగ్గర కొల్లేరు నీళ్లు రోడ్డెక్కాయి. డ్రైవరు బస్సాపి కండక్టర్ని ముందు నడవమన్నాడు. మోకాలిలోతు నీళ్లలో కర్రతో తడుముకుంటూ ఆయన నడిచాడు. ఆయన వెనకాలే బస్సు పాకింది. రోడ్డు ఎక్కడ ఆగి కాలువ ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. టీచరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. పొడి రోడ్డు మీదికి వచ్చాక, వానల్లో ఇటు రావద్దని, ఆలస్యమైనా భీమవరం మీదుగా రమ్మని చెప్పారు. ఈ దారిన వెళ్లేవాళ్లకి నేనూ అదే చెబుతాను.

కైకలూరులో ఆటో పట్టుకుని ఫ్యాక్టరీ చేరేసరికి పదకొండు దాటింది. ఐసు కోసం లారీలు నిలబడి ఉన్నాయి. కంప్రెసర్ ఆపకుండానే పని కానిమ్మన్నారు ఓనరు సుబ్బరాజు గారు. కంట్రోలర్ ఆపితే గ్యాసుని కనిపెట్టేది ఏదీ ఉండదని, కంప్రెసర్ కూడా ఆపి అందరినీ బయటికి పంపాలని నేను పట్టుబట్టాను.

"చేపలు పాడైతే పూచీ ఎవరిదమ్మా?" అన్నారాయన.

"మనుషులకేమైనా అయితే ఎవరిదండీ?"

ఆయన వెళ్లి కంప్రెసర్ ఆపించారు.

కరెంటు తీసి, మూత విప్పి, రిలే బోర్డుని స్లాటులోకి నొక్కాను. దాని పక్కనే రెండోది. వైర్లు బిగించి కరెంటు ఇస్తే రిలే బోర్డు పచ్చగా వెలిగింది, రెండోది వెలగలేదు. బయట లారీలవాళ్లు హారన్లు కొడుతున్నారు. మళ్లీ అంతా ఆపి చూస్తే బోర్డు ఒకవైపు సరిగా కూర్చోలేదు. చెమట చేతులు తుడుచుకుని, తీసి నిదానంగా మళ్లీ నొక్కాను. ఈసారి వెలిగింది.

కంప్రెసర్ మళ్లీ వేశారు. ఇక సెన్సరుకి కాస్త గ్యాసు చూపించి పరీక్ష చేయాలి. ఆపరేటరు ప్రకాశం అమ్మోనియా సీసా కోసం స్టోరుకి వెళ్లాడు. ఆయన తిరిగి రాకముందే ప్యానెల్లో టిక్కుమని చప్పుడైంది. కంప్రెసర్ ఆగింది, ఫ్యాన్లు తిరిగాయి, సైరన్ మోగింది. సుబ్బరాజు గారి జేబులో సెల్లూ మోగింది.

"వైరింగ్ తప్పయి ఉంటుంది, ఆపెయ్యమ్మా," అన్నారాయన.

నాకూ అదే అనుమానం. స్విచ్ మీదికి చెయ్యి వెళ్లింది. గ్యాసు వాసనేమీ లేదు. కానీ తప్పు నాదైతే పోయేది నా పరువే. కాకపోతే? చెయ్యి వెనక్కి తీసుకుని, అందరం బయటికి పోదామన్నాను. గుమ్మం దాటుతుండగా కళ్లు భగ్గుమన్నాయి.

ప్రకాశం గ్యాసు మాస్కు తగిలించుకుని లోపలికెళ్లి వాల్వులు మూసి వచ్చాడు. కంప్రెసర్ ఆపి మళ్లీ వేసినప్పుడు గ్యాసు బయటికి రాకుండా పట్టి ఉంచే దాని సీలు చీలిందట. గాలి వచ్చే వైపుకి వెళ్లి, రోడ్డు మీద వానలో నిలబడ్డాం. సుబ్బరాజు గారు మనుషుల్ని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి చూసుకున్నారు. తర్వాత లారీల దగ్గరికి వెళ్లి, ఈరోజుకి ఐసు లేదని ఆయనే చెప్పారు.

కుమారి నా దగ్గరికొచ్చి, "ఎప్పుడైనా ఇది మోగకపోతే ఏం చెయ్యాలండీ?" అని అడిగింది.

"మోగినా మోగకపోయినా, కళ్లు మండితే బయటికి వచ్చెయ్యి. మెషిన్ ఉంది కదా అని నిలబడకు," అన్నాను.

సీలు మార్చి, మళ్లీ పరీక్ష చేసేసరికి సాయంత్రమైంది. కైకలూరు నుంచి భీమవరం బస్సెక్కాను. ఆకివీడులో పుట్టింటికి వెళ్తున్న కుమారి వచ్చి నా పక్కన కూర్చుంది. కొల్లేరులో ఏం చూశావని ఇప్పటికీ ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. పక్షుల్ని చూడలేదు, పడవెక్కలేదు. నీళ్లకోసారి, గ్యాసుకోసారి భయపడ్డాను. కైకలూరు దాటగానే కుమారి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆకివీడు వచ్చేదాకా నేను కదల్లేదు.