అవ్వ నోట్లో అమ్మ వేలు

పోయిన నెల వనపర్తిలో పళ్ల డాక్టరు నా కింది దవడ పన్నులో మందు తడిపిన దూది పెట్టగానే లవంగనూనె వాసన గుప్పుమంది. మొద్దుబారిన నోటితో ఆ కుర్చీలో వెనక్కి వాలి, గోడ మీది పళ్ల బొమ్మ కింద రాసినదాన్ని ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటున్నాను. నలభై దాటాక చదువు నేర్చుకున్నదాన్ని, గోడ మీద ఏం కనిపించినా వదలలేను. అలాంటిది ఆ వాసనతో అక్షరాలన్నీ చెదిరిపోయి, గద్వాలలో మా మగ్గం పక్కన పదేళ్ల పిల్లనై కూర్చున్నాను.

మా ఇంట్లో ముందుగది అంతా మగ్గానిదే. అంచు పట్టు, నడుమ నూలు, రెండూ కలిసేచోట పోగుకు పోగు మెలేయాలి కాబట్టి గద్వాల చీరకు ఇద్దరు కూర్చోక తప్పదు. నాయన మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి నేస్తుంటే అమ్మ పక్కన కూర్చుని అంచు చూసుకునేది. తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా టకటకమనే ఆ మోతలోనే మేము తిన్నాం, ఆడుకున్నాం, అరుచుకున్నాం. పట్టు పోగు తెగితే అమ్మ ముడి వేసి, మిగిలిన కొసను ముందు పంటితో పుటుక్కున కొరికేది. అలా కొరికి కొరికి ఆమె ముందు పన్నుకు సన్నని గాటు పడింది.

ఆ పుటుక్కుమనే చప్పుడు మా అవ్వకు, అంటే నాయన తల్లికి, గిట్టేది కాదు. మగ్గం మోతలో కూడా ఎట్లా వినపడేదో గానీ వంటింట్లోంచి కేక వేసేది.

"మల్ల కొరికినవా పిల్లా? కత్తెర ఏడ వెట్టినవ్?"

"కత్తెర తీసి కిందవెట్టే లోపల నాలుగు పోగులు వడ్తయ్ అత్తా!"

"పన్ను ఊడినంక నాలుగు పోగులు నములుదువు గానీ!"

చివరికి అవ్వే ఒక చిన్న కత్తెరకు దారం కట్టి మగ్గం గుంజకు వేలాడదీసింది. అమ్మ దాంతో నా రిబ్బన్లు కత్తిరించేది.

పళ్ల విషయంలో అవ్వ మా అందరికీ పోలీసు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని వేపపుల్ల చివర కుచ్చులా నమిలి, ఎవరికీ తొందర లేనట్టు ఒక్కో పన్నునూ పలకరించి వచ్చేది. పిల్లలకు బొగ్గుపొడిలో ఉప్పు కలిపి అరచేతిలో పోసేది. తొలి ఏకాదశికి బెల్లం కలిపిన పేలపిండి, ఉగాదికి నెయ్యి కారే భక్ష్యాలు, పీర్ల పండుగకు పక్కింటివాళ్లు రొట్టె, బెల్లం నలిపి చేసి పంపే మలీద ముద్దలు, ఎండాకాలం కొల్లాపూర్ నుంచి గంపల్లో దిగే మామిడిపండ్లు, ఏది తిన్నా సరే, ఆఖరి ముద్ద మింగేసరికి చెంబు నీళ్లతో ఎదురుగా నిలబడేది. "పుక్కిలించుర్రి, లేకుంటే పురుగు వడ్తది" అనేది. టెంకలు తెల్లబడేదాకా చీకి, చెంబు కంటబడకుండా గచ్చకాయల ఆటకు పారిపోవాలని చూస్తే జడ పట్టుకుని ఆపేది.

అవ్వకు ముప్పై రెండు పళ్లూ ఉన్నాయని మా వీధంతా నమ్మేది. అవ్వే చెప్పుకునేది మరి. డెబ్బై ఏళ్ల వయసులో వేయించిన పల్లీలు నమిలేది. నవ్వేటప్పుడు మాత్రం కొంగు అడ్డం పెట్టుకునేది. అది పెద్దవాళ్ల మర్యాద కాబోలు అనుకునేదాన్ని.

ఒక పెళ్లిళ్ల కాలంలో, మగ్గం మీద చీర సగంలో ఉండగా, అమ్మకు కుడివైపు దవడపన్ను సలపడం మొదలైంది. నేతకు అడ్డమని ఎవరికీ చెప్పకుండా లవంగాలు నొక్కింది, పొగాకు తుంట పెట్టింది. మూడో రోజుకు బుగ్గ వాచి కన్ను సగం మూసుకుపోయింది. జొన్నరొట్టె మానేసి గంజి తాగేది. వారానికోసారి జరిగే అంగట్లో ఒకాయన గుడ్డ పరిచి, పీకిన పళ్లు కుప్పపోసుకుని, పటకారు పెట్టుకుని కూర్చునేవాడు. పీకిస్తే పీడ పోతుందని నాయన అన్నాడు. అమ్మ సరేనంది. అంగడి రోజు పొద్దున తలకు గుడ్డ కట్టుకుని గడప దగ్గరికి వచ్చేసరికి అవ్వ అడ్డం కూర్చుని ఉంది.

"లోపటికి నడువు."

"నాతోని అయితలేదత్తా. పీకిచ్చుకొని వస్త, జరుగు."

అవ్వ జరగలేదు. అమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టి తన నోరు తెరిచింది.

"వేలు వెట్టు."

"ఏంది అత్తా?"

"వెట్టు పిల్లా. కొరకను తీ."

అమ్మ భయంభయంగా వేలు పెట్టింది. వేలు దవడ వెంట లోపలికి పోయి ఒకచోట ఆగింది. ఇంకాస్త పోయింది. వాచిన బుగ్గతోనే అమ్మ ముఖం మారిపోయింది.

"ఈడ లేవు."

"ఎన్ని?"

"నాలుగు."

అవ్వ నోరు మూసి పెదవులు తుడుచుకుంది. "మొదలు ఒక్కటే పీకిచ్చిన, నీ లెక్కనే నొస్తుందని. పక్కది ఆ సందులకు ఒరిగె. ఒరిగినకాడ తిన్నదంత ఇరుక్కునె. అది పుచ్చిపాయె. గట్ల నాలుగు పోయినయ్. నాకు చెప్పెటోళ్లు లేకుండిరి. నీకు నేనున్న గద."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. "ముప్పై రెండున్నయని ఊరంత చెప్పుకుంటివి గదత్తా!" అంది.

"ముందలియి చూపిచ్చి చెప్పుకున్న. ఎనకయి ఎవరు చూస్తరు?"

నొప్పిలో నవ్వు వచ్చి అమ్మ బుగ్గ పట్టుకుని మూలిగింది. ఆ రోజే నాయన ఆమెను రైల్లో కర్నూలు పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన పన్ను పీకలేదు. లోపల కడిగి మందు పెట్టి, మూడు నాలుగు తడవలు రమ్మని, చివరికి వెండిరంగు సిమెంటుతో గుంత పూడ్చాడు. అమ్మ తిరిగొచ్చిన సాయంత్రాలు ఆమె ఒడిలో లవంగనూనె వాసన వేసేది.

తర్వాత తడవల్లో నేత ఆగకుండా నాయన ఇంట్లోనే ఉండిపోతే, అమ్మ మా మేనమామను తోడు తీసుకుపోయేది. ఆ రోజుల్లో మగ్గం దగ్గర ఆమె చోట అవ్వ కూర్చుంది. ఎన్నో ఏళ్ల తర్వాత మగ్గం ఎక్కిన అవ్వ, చూపు ఆనక కళ్లు చికిలిస్తూనే పోగు వెంట పోగు మెలేసింది. ఒకసారి పట్టు తెగింది. ముడి వేసింది. కళ్ల ముందే కత్తెర ఊగుతోంది. అవ్వ వంగి పుటుక్కున పంటితో కొరికేసింది. నేను చూస్తున్నానని గుర్తొచ్చి ఉలిక్కిపడింది.

"మీయమ్మకు చెప్పకు."

చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అవ్వ పోయి చాలా కాలమైంది. నాయన కూడా లేడు. మా వీధిలో మగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. మా గుంట పూడ్చి బండలు పరిచారు. వేపపుల్ల కోసం కొమ్మ వంచే పిల్లలు లేరు. మొన్న ఆదివారం అమ్మను చూడబోయాను. డెబ్బై దాటినా కర్నూల్లో పూడ్చిన ఆ కుడివైపు పన్ను ఆమె నోట్లో అలాగే ఉంది. గుంట ఉండిన చోటే కూర్చుని ఇద్దరం అన్నం వేళకు కంచాలు పెట్టుకున్నాం. అమ్మకు కరకరలాడే ఎండు జొన్నరొట్టె ఇష్టం.

"ఏమే, రొట్టె నానవెట్టుకుంటున్నవ్? ముసలిదానివైతివా?" అంది.

అవ్వలాగే నేనూ రెండు పళ్లు పీకించుకున్నానని అమ్మకు చెప్పలేదు. రొట్టె ముక్కను పప్పులో ఇంకాస్త ముంచాను. మోత లేని ఆ ఇంట్లో అమ్మ నములుతున్న చప్పుడు ఒక్కటే వినపడుతోంది, కుడివైపు కొంతసేపు, ఎడమవైపు కొంతసేపు.