తల ఒత్తిన చేతులు

మా వీధిలో పసిబిడ్డలకు నీళ్లు పోసేది నేనే. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు వచ్చిన విద్య అదొక్కటే. కాళ్లు చాపుకుని బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, నూనె రాసి, వేన్నీళ్లు పోస్తూ తలను రెండు అరచేతులతో ఒత్తేదాన్ని. నెలల తరబడి అట్లా ఒత్తితే తల గుండ్రంగా వస్తుందని మా అమ్మ నేర్పింది. నా మనవరాలి తల వెనకవైపు పలకగా ఉండేది. దానికి అందరికంటే ఎక్కువ ఒత్తాను.

మూడేళ్లు నిండినా ఆ పిల్ల మాట్లాడలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. డాక్టర్లు ఆటిజం అన్నారు. ఆ రోజు నుంచి ఎవరి బిడ్డకూ నీళ్లు పోయలేదు. అడిగినవాళ్లకు మోకాళ్ల నొప్పులని చెప్పాను. ఇది నా చేతులు చేసిన పనే అనుకున్నాను. ఐదేళ్లు ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పిల్లకు ఎనిమిదేళ్లప్పుడు కోడలు ఒక కబురు తెచ్చింది. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఇట్లాంటి పిల్లల మెదడుకు పటాలు తీస్తున్నారట. పిల్లకూ పిల్లకూ అంత తేడా ఎందుకుందో తెలుసుకోవడానికట. మత్తు ఇవ్వరు. గొట్టంలాంటి మిషన్‌లో కదలకుండా పడుకుంటేనే పటం వస్తుంది.

"మిక్సీ చప్పుడుకే చెవులు మూసుకుంటాది. దీన్ని ఎవురు పడుకోబెట్టేది అత్తా?" అంది.

"నేను పడుకోబెడతా."

తలలో ఎక్కడన్నా నొక్కు పడి ఉంటే ఆ పటంలో కనబడుతుంది. నేను అది చూడాలి.

మిషన్ చప్పుడు ఎట్లా ఉంటుందో ఆసుపత్రివాళ్లు ఫోనుకు పంపారు. అలవాటు చేయడానికి పిల్లలు దూరి ఆడుకునే గుడ్డ గొట్టం కొందామని కోడలంటే వద్దన్నాను. బావికి దించగా మిగిలిన సిమెంటు వర ఒకటి దొడ్లో పడి ఉంది. దాన్ని నిలబెట్టి, దొర్లకుండా ఇటుకలు పెట్టి, లోపల పాత చీర పరిచాను. పిల్ల తల వర లోపలికి వచ్చేట్టు పడుకునేది. ఫోనులో ఆ చప్పుడు మోగుతుంటే నేను బయటినుంచి వరను గుండ్రాయితో కొట్టేదాన్ని. మొదట్లో లేచి పారిపోయింది. మరునాడు మళ్లీ పరిచేదాన్ని.

"మనవరాలిని బావిలోకి దించుతుండావా ఏంది?" అని పక్కింటామె గోడ మీదినుంచి ఎగతాళి చేసింది.

"నీ కూర మాడుతుండాది, పోయి చూసుకో," అన్నాను.

నెల తిరిగేసరికి పిల్ల తనంతట తానే వచ్చి పడుకోసాగింది.

ఆసుపత్రిలో మా పక్కన ముత్తుకూరు నుంచి వచ్చిన ఒక తల్లీ కూతురూ కూర్చున్నారు. ఆ పిల్ల బస్సుల వేళలు ఆపకుండా చెబుతోంది.

"ఈ పిల్లకూ అదేనా?"

"అదేనవ్వా. నీ మనవరాలు నోరు తెరవదు, ఇది మూయదు. పేరు మాత్రం ఒకటే."

"పసిదప్పుడు తల ఒత్తినారా?"

"ఒత్తను ఎవురుండారవ్వా? నేనే కొళాయి కింద కడిగినా."

నా మనవరాలు మిషన్‌లో కదల్లేదు. బయటికి కనబడుతున్న దాని పాదం మీద చెయ్యి వేసి, చివరిదాకా పక్కనే కూర్చున్నాను.

తర్వాత డాక్టరమ్మ కంప్యూటర్లో పటం చూపించింది. అడ్డంగా కోసిన క్యాబేజీలా ఉంది. అంచులన్నీ వెతికాను. కోడలిని నీళ్లు తెమ్మని పంపించి అడిగాను.

"నేను దీని తల గట్టిగా ఒత్తినానమ్మా. అది యాడన్నా కనబడుతుండాదా?"

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "లేదవ్వా. ఇది నువ్వు ఒత్తినందుకు వచ్చింది కాదు. కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది. కానీ పసిబిడ్డల తల ఒత్తకూడదు."

"మరి ఎందుకొచ్చిందో ఇందులో లేదా?"

"ఈ ఒక్క పటం చూసి చెప్పలేం. ఇట్లాంటివి చాలా కలిపి చూడాలి. మేం ఒకటే పేరు పెట్టినాం గానీ, ఏ ఇద్దరు పిల్లలూ ఒక్కలాగా లేరు."

"సరే," అన్నాను.

ఐదేళ్లు మోసింది దిగిపోతే ఏడుస్తానేమో అనుకున్నాను. ఏమీ కాలేదు. బస్సులో ఇడ్లీ తిని, మిగిలింది పొట్లం కట్టాను.

మరుసటి వారం పక్కింటామె కూతురు పురిటి బిడ్డతో పుట్టింటికి వచ్చింది. నీళ్లు పోయమని అడిగితే వెళ్లాను. కాళ్లు చాపాను, నూనె రాశాను, నీళ్లు పోశాను. తల దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగాయి.

"తల ఒత్తవా అవ్వా?"

"గుండ్రంగానే ఉండాది."

లేదు, ఒకవైపు పలకగా ఉంది. తడి తుడిచి బిడ్డను ఆమె చేతికిచ్చి ఇంటికి వచ్చాను.

దొడ్లో మనవరాలు వరలో తల పెట్టి పడుకుని ఉంది. గుండ్రాయి తెచ్చి బయట పెట్టుకుంది. కూర్చుని కొట్టాను.