కల్పలత ఆపిన పని

షిఫ్టు మారేటప్పుడు పని అప్పగింత కల్పలత ముందు జరగాలంటే ఆఫీసులో చాలామందికి చెమటలు పడతాయి. "అయింది మేడం" అంటే చాలు, "ఎవరు చూసిన్రు?" అని నిలదీస్తుంది. లాలాగూడలో పుట్టి పెరిగి, పదహారేళ్లుగా సికింద్రాబాద్ స్టేషన్‌కు నడక దూరంలో ఉన్న ఈ ఒక్క ఆఫీసులోనే చేస్తోంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ లెక్కన ఆమెకు ఊరు దక్కలేదు, పని మాత్రం దక్కింది.

వాళ్ల సాఫ్ట్‌వేర్ మీద నలభై డయాలసిస్ కేంద్రాలు నడుస్తాయి. ఏ రోగికి ఎన్ని గంటలు, ఏ మందు, ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి, అన్నీ అందులోనే ఉంటాయి. గురువారం మధ్యాహ్నం సిస్టమ్ ఆపి, కొత్త వెర్షన్ ఎక్కిస్తున్నారు. పాత రికార్డులకు కాపీ తీసి పెట్టడం పొద్దుటి టీమ్ ఆఖరి పని. ఆ రికార్డులను కొత్త పద్ధతిలోకి మార్చడం మధ్యాహ్నం టీమ్ మొదటి పని. కాపీ లేకుండా మార్చి, మధ్యలో తేడా వస్తే ఇక అంతే సంగతులు.

పొద్దుటి టీమ్ పెద్ద వేణుమాధవ్ అప్పగింత పట్టికలో "కాపీ పూర్తి" అని రాసి, రెండింటికల్లా ఎంఎంటీఎస్ రైలు ఎక్కేశాడు. రెండున్నరకు మధ్యాహ్నం టీమ్ పెద్ద కల్పలత మార్పు మొదలుపెట్టబోయి, ఎందుకైనా మంచిదని కాపీ సైజు చూసింది. పోయినసారి దాంట్లో సగం కూడా లేదు. వేణుమాధవ్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

మేనేజర్ సత్యదేవ్ వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఇంకా మొదలుపెట్టలేదేంటమ్మా? మూడున్నరకి రెండో బ్యాచ్ పేషెంట్లు వచ్చేస్తారు. సిస్టమ్ లేకపోతే నర్సులు ఏం చూసి మందిస్తారు?"

"కాపీ మీద నాకు నమ్మకం కుదుర్తలేదు సార్."

"పూర్తయిందని రాశాడుగా! ఆలస్యమైతే ఈసారి మీ పేరు పైకి వెళ్తుంది, నేనాపలేను."

కల్పలతకు భయం వేసింది. ఆపితే ఉద్యోగానికే ఎసరు. ఆపకపోతే, ఎక్కడో మంచం మీద పడుకున్న మనిషికి తప్పు మందు. నాలుగోసారికి వేణుమాధవ్ ఫోనెత్తాడు.

"కాపీ పూరా ఐందా?"

"షురూ చేసిన మేడం. దానంతట అదే ఐతది కదా అని పూర్తని రాసిన."

"కాలే. సగంల ఆగింది! కాలేదని రాస్తే ఏం పోతుండె?"

రైలు చప్పుడులో వేణుమాధవ్ గొంతు తగ్గించాడు.

"పోయిన నెల కాలేదని రాసిన కదా మేడం. 'పెండ్లి సుత గిట్లనే సగంల ఇడిశిపెట్టి లేచొస్తవా' అన్నరు మీరు అందరి ముందట. అందరు నవ్విన్రు. గప్పటి సంది కాలేదని రాయాల్నంటే చెయ్యి రాదు."

కల్పలతకు ఆ మాట గుర్తొచ్చింది. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది తనే.

"ఆపుతున్న సార్. పాత వెర్షన్ తెరిపించండి" అంది సత్యదేవ్‌తో.

"ఎవరి వల్ల ఆగిందని చెప్పమంటారు?"

ఆమె పట్టికలో "పూర్తి" చెరిపి "కాలేదు" అని రాసింది. కారణం గడిలో ఇలా రాసింది: "కాలేదని చెప్పడానికి మనుషులు నాకు భయపడుతున్నారు. ఆలస్యం నాది. కల్పలత."

ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"వేణూ, వచ్చే స్టేషన్ల దిగి వాపస్ రా. ఇద్దరం కలిసి మళ్ల తీద్దాం. నేనేమనను."

"నిజంగ ఏమనరా మేడం?" అని అడిగాడు వేణుమాధవ్.