ఎత్తకూడని రింగు

అన్నం ముందు కూర్చుని చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నమ్మకపోతే నవ్వుకోండి.

మద్దిలపాలెంలో ఒక బస్సుల షెడ్డులో మెకానిక్కుని. ఇల్లు పద్మనాభం దగ్గర పల్లెలో. నా భార్య పైడమ్మ, మేనమామ కూతురే, రోజూ రాత్రి ఎనిమిదింటికి మిస్డ్ కాల్ ఇచ్చేది. ఒక్క రింగు. ఎసరు పెట్టాను, బయల్దేరు అని దానర్థం. ఎత్తకూడదు. కొత్తలో ఒకసారి ఎత్తితే "బేలన్సు తినేత్తావేటి బావా" అని తిట్టింది. తర్వాత ఫోన్లు మారాయి, ఎంత మాట్లాడినా ఒకటే రీఛార్జి అయింది. మా అలవాటు మాత్రం మారలేదు.

మొన్న వేసవిలో ఒక రోజు ఆ రింగు ఆగలేదు. చివరిదాకా మోగింది. మళ్లీ మోగింది. నా చేతుల నిండా గ్రీజు. నాతో పనిచేసే అప్పలరాజు పక్కనే ఉంటే, వాడితో "మాయావిడ కట్ సెయ్యడం మర్సిపోనాది" అని నవ్వాను. నవ్వాను... చూడండి.

ఇంటికెళ్లేసరికి పొయ్యి పక్కన పడి ఉంది. చేతిలో ఫోన్. గుండెపోటు అన్నారు. ఎత్తి ఉంటే పక్కింటివాళ్లకు ఫోన్ చేసేవాణ్ణి. ఆటోలో వేసుకుని తీసుకెళ్లేవారు. బతికేదేమో. ఆ ‘ఏమో’ నన్ను తినేస్తోంది.

సిమ్ తీసేసి, ఆ ఫోన్‌ను ఆమె చీరల మధ్య పెట్టి, ట్రంకుపెట్టెకు తాళం వేశాను.

నాలుగు నెలలు గడిచాయి. ఆ రాత్రి వాన. షెడ్డులో కరెంటు పోయింది. అప్పలరాజు టార్చి పట్టుకున్నాడు, నేను బస్సు కింద ఉన్నాను. జేబులో ఫోన్ మోగింది...

తీసి చూస్తే... పైడమ్మ.

ఒక రింగు. ఆగుతుందనుకున్నాను. రెండు... మూడు... నాలుగు...

"ఎత్తు గురూ," అన్నాడు అప్పలరాజు. టార్చి నా ఫోన్ మీదకు తిప్పాడు.

ఎత్తాను. మొదట ఏమీ లేదు. తర్వాత... టక్... టక్... ఎసరు మరిగి గిన్నె మీద మూత కొట్టుకుంటున్న చప్పుడు. దాని వెనక ఊపిరి. బరువుగా... ఆగి... ఆగి...

"బావా... ఇప్పుడెత్తినావా."

ఆ గొంతులో కోపం లేదు. అలసిపోయి ఉంది. క్షమించమని అడగాలి. నాలుగు నెలలుగా నా మనసులో ఉన్నది ఆ మాటే కదా. నోట్లోంచి మాత్రం "వత్తన్నానే... బయల్దేరిపోనాను" అని వచ్చింది.

కట్ అయింది.

తిరిగి చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంది. వచ్చిన కాల్స్‌లో వెతికితే ఆమె పేరే లేదు.

"రింగు నానూ ఇన్నాను గురూ. గొంతు మాత్రం ఇన్లేదు," అన్నాడు అప్పలరాజు.

ఇంటికెళ్లి పెట్టె తెరిచాను. ఫోన్ చీరల మధ్యే ఉంది, చల్లగా.

అది పైడమ్మో, నెట్‌వర్క్ గోలో, నా తప్పే నాకు అలా వినిపించిందో... తెలియదు. వస్తున్నానని చెప్పాను. ఎక్కడికి వస్తానన్నానో నాకే తెలియదు. మళ్లీ మోగితే, తప్పయిపోయిందే అని ముందు ఆ మాటే చెప్పాలి.

మోగడం లేదు.